ఇంకో యాభై అడుగులు: అమెరికా కాలేజీలో ఒక ఆటను ఆపాలంటే

కదిరి దగ్గర మా చేన్లో నాన్న మూడు బోర్లు వేయించాడు. మూడోది నాకు బాగా గుర్తు, అప్పటికి నాకు పదకొండేళ్ళు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగినాయన ఇక్కడే జల ఉందన్నాడు. మూడు వందల అడుగులదాకా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. బోరుబండి ఆయన బీడీ ఆర్పి, "ఇంగో యాభై అడుగులు పోదామా అన్నా?" అన్నాడు. పోయారు. తర్వాత ఇంకో యాభై. అడుక్కింత అని లెక్క కాబట్టి, నీళ్ళు పడినా పడకపోయినా ఆయన డబ్బు ఆయనకొస్తుంది. నాలుగు వందల ఇరవై దగ్గర మా అవ్వ వచ్చి బండి ముందు నిలబడింది. "సాలు నాయినా, ఆపు. ఇంగ దీంట్లో నా కమ్మలు గూడా ఏస్తావా?" అంది. అప్పుడు ఆగింది.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగం బండి పక్కన నిలబడి అడుగులు లెక్కపెట్టడమే. అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ, అందులో అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్, దాని బిజినెస్ ఆఫీసు. పదమూడేళ్ళుగా బడ్జెట్ నా పని. మనవాళ్ళు యూనివర్సిటీల ఫైనాన్స్ ఆఫీసుల్లో, డేటా టీముల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరికైనా ఒకరోజు ఏడీ, అంటే అథ్లెటిక్ డైరెక్టర్, తలుపు తట్టి "ఈ టీమ్ తీసేస్తే ఎంత మిగులుతుందో ఒక షీట్ చేసిపెట్టు" అంటాడు. ఇది ప్రధానంగా వాళ్ళ కోసం. టెన్నిస్, ఫెన్సింగ్, స్విమ్మింగ్ అని పిల్లల్ని తెల్లారుజామునే కారులో తిప్పే అమ్మానాన్నలకీ చివర్లో నాలుగు మాటలు ఉన్నాయి.

కాలేజీ ఆటల సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, అమెరికన్ రకం) స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. అది చూసి కాలేజీ ఆటలన్నీ బంగారు గనులనుకుంటాం. చాలా కాలేజీల్లో సంపాదించేది ఫుట్‌బాల్, మగపిల్లల బాస్కెట్‌బాల్ మాత్రమే. మిగతా పదీ పదిహేను ఆటలూ వాటి మీద ఆధారపడి బతుకుతాయి. మా బోటి చిన్న కాలేజీల్లో ఆ రెండూ కూడా చాలక, యూనివర్సిటీ ఖజానా నుంచీ, విద్యార్థుల ఫీజుల నుంచీ తెచ్చి పూడ్చాలి. నీళ్ళు పడని బోరు అంటే ఇక్కడ నాలుగు రకాలు: ఒక టీమ్, ఒక కోచ్ కాంట్రాక్టు, ఒక స్టేడియం అప్పు, మన స్తోమతకి మించి ఎక్కి కూర్చున్న స్థాయి. నాలుగింటినీ ఆపే పద్ధతి ఒకటి కాదు.

ముందు అసలు అంకె పట్టుకోండి

డివిజన్ 1 అంటే కాలేజీ ఆటల్లో పై స్థాయి. అందులోని ప్రతి కాలేజీ ఏటా జనవరిలో ఎన్‌సీఏఏకి, అంటే కాలేజీ ఆటల్ని నడిపే జాతీయ సంస్థకి, ఆదాయ వ్యయాల నివేదిక ఇస్తుంది. ప్రభుత్వ కాలేజీ అయితే చాలా రాష్ట్రాల్లో అది అడిగినవాళ్ళకి ఇవ్వాల్సిన పత్రం. అందులో అందరూ మొదట చూసేది మొత్తం ఆదాయం, మొత్తం ఖర్చు. రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మీరు చూడాల్సినవి ఆదాయం వైపే ఉన్న రెండు వరసలు: యూనివర్సిటీ నేరుగా ఇచ్చిన సాయం, విద్యార్థుల ఫీజు. అవి రెండూ సంపాదన కింద రావు. పుట్టింటి నుంచి తెచ్చిన డబ్బుని జీతంలో కలిపి చెప్పుకున్నట్టు ఉంటుంది.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మగపిల్లల స్విమ్మింగ్ టీమ్ మీద షీట్ చేయమన్నారు. చేశాను. చక్కగా రంగులు వేసి, కింద ఎర్రటి అంకెతో "ఏటా మిగులు" అని రాశాను. మీటింగ్‌లో ప్రొవోస్ట్ (చదువుల వ్యవహారాలు చూసే పెద్ద) ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ స్వెటర్ అల్లుకుంటూ కూర్చుంది. నా షీట్ తెర మీదికి రాగానే సూదులు ఒళ్ళో పెట్టి, "ఈ అబ్బాయిలు ఫీజు కట్టరా?" అని అడిగింది. అంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ అడిగిందేమిటో అంకెల్లో చూడండి. ఇవి మా కాలేజీ అంకెలు కావు, లెక్క తెలియడానికి గుండ్రం చేసి వేసినవి. టీమ్‌లో 28 మంది. బడ్జెట్ 9 లక్షల డాలర్లు. పాత నిబంధనల ప్రకారం మగపిల్లల స్విమ్మింగ్‌కి మొత్తం 9.9 స్కాలర్‌షిప్‌లే ఇవ్వాలి, వాటినే ముక్కలు చేసి అందరికీ పంచుతారు. ఫీజు ఏడాదికి 40,000 అనుకుంటే స్కాలర్‌షిప్‌ల ఖర్చు 3,96,000. కోచ్‌ల జీతాలు 2,50,000. ప్రయాణాలు, సామాను, మిగతావి 2,54,000.

టీమ్ తీసేస్తే 9 లక్షలూ మిగులుతాయని నా షీట్ చెప్పింది. కానీ స్కాలర్‌షిప్ డబ్బు మా డిపార్ట్‌మెంట్ నుంచి యూనివర్సిటీ ఫీజు కౌంటర్‌కే పోతుంది. ఈ జేబులోంచి ఆ జేబులోకి. క్లాసులో సీట్లు ఖాళీగా ఉన్న కాలేజీకి అది నిజమైన ఖర్చు కాదు. నిజంగా బయటికి పోయేది 5,04,000. పైగా 28 మందిలో స్కాలర్‌షిప్ పోగా 18.1 మందికి సరిపడా ఫీజు ఇళ్ళ నుంచి వస్తోంది, అంటే 7,24,000. ఈత కోసమే మా కాలేజీ ఎంచుకున్నవాళ్ళు అందులో సగం అనుకున్నా 3,62,000 పోయినట్టే. మిగిలేది 1,42,000. తొమ్మిది లక్షలని చెప్పిన చోట లక్షన్నర కూడా లేదు. ఈత కొలను ఎలాగూ మూయరు. దాని దీపాలు, క్లోరిన్, లైఫ్‌గార్డుల జీతాలు ఇంకో డిపార్ట్‌మెంట్ పద్దులోకి మారతాయి, అంతే.

ఈ లెక్క అన్ని చోట్లా ఇలాగే రాదు. స్టాన్‌ఫర్డ్‌లో ఒక సీటు ఖాళీ అయితే నింపడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధం, అక్కడ ఫీజు నష్టం వాదన నిలవదు. పిల్లలు దొరక్క ఇబ్బంది పడే చిన్న కాలేజీలో దీనికి పూర్తి వ్యతిరేకం, అక్కడ ఆటలే అడ్మిషన్ల ఆఫీసు. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి. నేనైతే ఆ మీటింగ్ తర్వాత ఇప్పటిదాకా "మిగులు" అనే మాట రాయలేదు. "బయటికి పోయే నగదు", "రాకుండా పోయే ఫీజు" అని రెండు నిలువు వరసలు వేస్తాను.

ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టాలి

బారీ స్టా అనే పరిశోధకుడు 1976లో బిజినెస్ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశాడు. పెట్టుబడి ఎక్కడ పెట్టాలో తామే నిర్ణయించి, అది నష్టం తెచ్చిందని తెలిసినవాళ్ళు, తర్వాతి విడతలో దానికే ఇంకా ఎక్కువ డబ్బు పెట్టారు. వేరేవాళ్ళ నిర్ణయం నెత్తిన పడ్డవాళ్ళు అంత పెట్టలేదు. నాన్న ఎందుకు ఆగలేకపోయాడో, అవ్వ ఎందుకు ఆపగలిగిందో నాకు అప్పుడు అర్థమైంది. బోరు ఎక్కడ వేయాలో చెప్పింది అవ్వ కాదు.

కాబట్టి నా సలహా: ఏ ఆట మొదలుపెట్టినా, ఏ స్థాయికి ఎక్కినా, ఆ తీర్మానం కాగితం మీదే ఆగే షరతు రాయించండి. "నాలుగో ఏడాదికి టికెట్లు, విరాళాలు కలిపి ఇంత రాకపోతే, యూనివర్సిటీ సాయం ఇంతకి మించితే, ఈ కమిటీ తిరిగి కూర్చుంటుంది" అని. ఆ కమిటీలో ఆట తెచ్చినవాళ్ళు లేకుండా చూడండి. ఇది రాయమంటే ప్రతి ఏడీ మొహం ముడుచుకుంటాడు, పెళ్ళిపందిట్లో విడాకుల మాటెందుకని. నేను పనిచేసిన ముగ్గురు ఏడీలలో ఒక్కరే ఒప్పుకున్నారు. మామూలుగా జరిగేదేమిటంటే, పాత ఏడీ పోయి కొత్త ఏడీ వచ్చిన మొదటి పద్దెనిమిది నెలల్లోనే ఇలాంటివి ఆగుతాయి. కొత్తాయన మీద ఆ బోరు మచ్చ ఉండదు.

బయటి కన్సల్టెంట్‌ని పిలిస్తే పోదా అంటారు. పిలవండి, కానీ కొబ్బరికాయ ఆయన్ని నమ్మినట్టు నమ్మకండి. అలబామా రాష్ట్రంలో యూఏబీ (బర్మింగ్‌హామ్‌లోని అలబామా యూనివర్సిటీ) 2014 డిసెంబరు 2న ఫుట్‌బాల్ ఆపేసింది, దాంతోపాటు బౌలింగ్, రైఫిల్ కూడా. ఆ నిర్ణయం వెనక ఒక కన్సల్టెంట్ నివేదిక ఉంది. ఊరు ఊరంతా మండిపడింది, ఇంకో సంస్థ ఇంకో నివేదిక రాసి, మొదటిది తప్పంది. ఆర్నెల్లు తిరక్కుండా, 2015 జూన్ 1న ప్రెసిడెంట్ వెనక్కి తగ్గాడు. 2017లో టీమ్ మళ్ళీ మైదానంలోకి దిగింది, 2018లో తమ కాన్ఫరెన్స్‌లో, అంటే కలిసి ఆడే కాలేజీల గుంపులో, ఛాంపియన్ అయింది. ఒకే పద్దు, రెండు నివేదికలు, రెండు జవాబులు. నివేదిక చేతికి రాగానే నేను ముందు చూసేది, ఫీజునీ స్కాలర్‌షిప్‌నీ ఎలా లెక్కగట్టారనేదే.

ఆడపిల్లల లెక్క

ఈ భాగం తొందరపడి దాటకండి. ఇక్కడ పొరపాటు పడ్డ కాలేజీలు కోర్టు మెట్లెక్కాయి.

1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం, ప్రభుత్వ నిధులు తీసుకునే కాలేజీ ఆటల్లో ఆడపిల్లలకి సమాన అవకాశం ఇవ్వాలి. ఇచ్చినట్టు చూపించడానికి మూడు దారులు. ఆడేవాళ్ళలో ఆడపిల్లల వాటా, చదివేవాళ్ళలో వాళ్ళ వాటాకి దగ్గరగా ఉండాలి. లేదా ఆడపిల్లలకి ఆటలు పెంచుకుంటూ వస్తున్న చరిత్ర ఉండాలి. లేదా వాళ్ళకున్న ఆసక్తి మొత్తం తీరుతూ ఉండాలి. ఆడపిల్లల టీమ్‌ని తీసేసిన మరుక్షణం రెండో దారి మూసుకుపోతుంది. మూడోదీ మూసుకుపోతుంది, ఎందుకంటే ఆడాలని ఉన్నవాళ్ళు ఎదురుగా ఏడుస్తూ కూర్చుని ఉంటారు. మిగిలేది మొదటిదే, అది శుద్ధ అంకగణితం.

500 మంది ఆటగాళ్ళు, అందులో 230 మంది ఆడపిల్లలు అనుకోండి. 46 శాతం. క్యాంపస్‌లో ఆడపిల్లలు 55 శాతం. ఇప్పటికే వెనకబడి ఉన్నాం. "అందరికీ సమానంగా కోద్దాం" అని 30 మంది ఉన్న ఒక ఆడపిల్లల టీమ్ తీసేస్తే 470లో 200, అంటే 42.6 శాతానికి పడిపోతాం. చూడ్డానికి న్యాయంగా కనిపించే కోత, చట్టం ముందు అన్యాయం. అయోవా యూనివర్సిటీ 2020 ఆగస్టులో మగపిల్లల జిమ్నాస్టిక్స్, టెన్నిస్, మగ, ఆడ స్విమ్మింగ్ నాలుగూ తీసేసింది. స్విమ్మింగ్ అమ్మాయిలు కోర్టుకెళ్ళారు. డిసెంబరులో జడ్జి నిలుపుదల ఉత్తర్వు ఇచ్చారు, 2021 ఫిబ్రవరిలో ఆడపిల్లల స్విమ్మింగ్ తిరిగొచ్చింది. రాజీలో భాగంగా ఆడపిల్లల రెజ్లింగ్ కొత్తగా పెట్టాల్సొచ్చింది. ఖర్చు తగ్గించుకుందామని బయల్దేరి, కొత్త టీమ్ ఖర్చు నెత్తికెత్తుకుని ఇంటికొచ్చారు. మగపిల్లల టీములు మూడూ మాత్రం తిరిగి రాలేదు.

బ్రౌన్ యూనివర్సిటీ కథ ఇంకా పొడుగు. 1991లో ఆడపిల్లల జిమ్నాస్టిక్స్, వాలీబాల్‌కి నిధులు తీసేస్తే పడ్డ కేసు 1998లో ఒప్పందంగా ముగిసింది. 2020లో మళ్ళీ టీములు తగ్గించబోతే అదే ఒప్పందం అడ్డొచ్చింది. ఇద్దరు ప్రెసిడెంట్లు మారినా కోర్టు కాగితం మారదు.

అసలు సంగతి చెప్తాను, చాలామంది ఏడీలు బయటికి అనరు. బ్యాలెన్స్ చెడేది ఫుట్‌బాల్ వల్ల. ఒక్క టీమ్‌లో వందకి పైగా మగపిల్లలు. దాన్ని ఎవరూ ముట్టుకోరు కాబట్టి మగపిల్లల టెన్నిస్, రెజ్లింగ్, స్విమ్మింగ్ బలైపోతాయి, నింద టైటిల్ నైన్ మీద పడుతుంది. చట్టం ఫలానా టీమ్ తీసేయమని ఎక్కడా చెప్పలేదు.

ఇదే సందర్భంలో ఇంకో కనీస సంఖ్య చూసుకోండి. డివిజన్ 1లో ఉండాలంటే కనీసం 14 ఆటలు, పెద్ద ఫుట్‌బాల్ ఆడే ఎఫ్‌బీఎస్ కాలేజీకి 16. మీ కాన్ఫరెన్స్ తప్పనిసరి అన్న ఆటలు వేరే. సరిగ్గా 16 ఉన్న కాలేజీలో "ఏది కోయాలి" అని మూడు మీటింగులు పెట్టుకున్నాక నాలుగో మీటింగులో ఎవరో ఈ నిబంధన గుర్తుచేసిన సందర్భం నాకు తెలుసు.

కోచ్ కాగితం, స్టేడియం అప్పు

కోచ్‌ని తీసేయడం టీమ్‌ని తీసేయడం కంటే తేలిక. డబ్బుంటే చాలు. టెక్సస్ ఏ అండ్ ఎం 2017లో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌కి పదేళ్ళకి 75 మిలియన్ డాలర్లు రాసిచ్చింది. 2020 సీజన్ బాగా ఆడాక, 2021లో దాన్ని ఇంకా పొడిగించింది. 2023 నవంబరులో పొమ్మన్నప్పుడు ఇవ్వాల్సింది 76 మిలియన్ల పైమాటే. నేర్చుకోవాల్సింది ఆ అంకె నుంచి కాదు, 2021 నాటి సంతకం నుంచి. ఒక్క మంచి ఏడాది చూసి పొడిగించారు, వేరే ఉద్యోగం దొరికితే మనం ఇచ్చేదాంట్లో తగ్గించుకోవచ్చనే షరతు కూడా పెట్టుకోలేదు. మీ ఆఫీసుకి కోచ్ కాంట్రాక్టు వస్తే జీతం పేజీ తర్వాత చదవచ్చు. ముందు చివర్లో ఉండే తొలగింపు పేజీ చదవండి: ఏ ఏడాది ఆపితే ఎంత, ఎన్ని విడతల్లో, ఆయనకి వేరే చోట జీతం వస్తే మనకి తగ్గుతుందా. మూడు జవాబులూ ఒక చిన్న పట్టికగా ఏడీ బల్ల మీద పెట్టండి. సంతకానికి ముందు.

స్టేడియం అప్పు సంగతి వేరు, అది ఆపగలిగేది కాదు. బర్క్‌లీలో కాల్, అంటే కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఫుట్‌బాల్ మైదానం కింద హేవార్డ్ భూకంప పగులు పోతుంది. భద్రత కోసం మైదానం మళ్ళీ కట్టక తప్పలేదు, 32 కోట్ల డాలర్ల దాకా అయింది. దశాబ్దాల పాటు సీటు హక్కులు అమ్మి అప్పు తీర్చేద్దామనుకున్నారు. సీట్లు అనుకున్నట్టు అమ్ముడవలేదు. చివరికి 2018లో క్యాంపస్ సగానికి పైగా అప్పు తన నెత్తిన వేసుకుంది. కట్టడం విషయంలో వెనక్కి తగ్గే ఒకే ఒక్క రోజు, పునాది తవ్వకముందు రోజు.

కోయకుండా తగ్గించడం

టీమ్ ఎత్తేయడానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. విమానాలు మానేసి ఆరు గంటల బస్సు దూరంలోనే మ్యాచ్‌లు పెట్టుకోవడం. స్కాలర్‌షిప్‌లు తగ్గించి టీమ్‌ని ఉంచడం. ఆటల్ని రెండు మూడు అంతస్తులుగా విడదీసి, కింది అంతస్తు టీములకి "మీరు జాతీయ పోటీకి కాదు, ప్రాంతీయ పోటీకే" అని నిజాయితీగా చెప్పడం. మొహమాటపడి ఈ మాట చెప్పరు. బదులుగా అన్ని టీములకీ పది శాతం కోస్తారు, అన్నీ కలిసి నీరసిస్తాయి. పది శాతం కోత అంటే నిర్ణయం తీసుకోకుండా నిర్ణయం తీసుకున్నట్టు కనిపించడం. నేను మూడుసార్లు చేసిపెట్టాను ఆ షీట్.

పెద్ద అడుగు, స్థాయి దిగడం. ఐడహో యూనివర్సిటీ 2018లో ఎఫ్‌బీఎస్ నుంచి కింది స్థాయికి దిగింది. హార్ట్‌ఫర్డ్ 2021 మార్చిలో మొదటిసారి ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఆడి, మే నెలలో అన్నిటికంటే కింది స్థాయి అయిన డివిజన్ 3కి దిగిపోతున్నట్టు చెప్పింది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ 2025 మార్చిలో టోర్నమెంట్ ఆడి, అదే నెలలో డివిజన్ 3 ప్రకటన చేసింది. గెలిచినప్పుడు దిగిపోవడమేమిటని జనం తిట్టారు. నాకు మాత్రం ఆ రెండు కాలేజీలదీ ధైర్యమే అనిపిస్తుంది, గెలుపు చూసి ఇంకో యాభై అడుగులు పోలేదు. స్థాయి దిగితే కష్టాలన్నీ తీరతాయనీ అనుకోకూడదు. బర్మింగ్‌హామ్-సదరన్ 2006లోనే డివిజన్ 1 వదిలేసింది. అయినా 2024 మే 31న కాలేజీయే మూతపడింది. ఆ రోజు వాళ్ళ బేస్‌బాల్ పిల్లలు ఒహాయోలో డివిజన్ 3 వరల్డ్ సిరీస్ ఆడుతున్నారు.

2025 జూన్‌లో, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలిపాక ఈ లెక్కలన్నీ బిగుసుకున్నాయి. కాలేజీలు ఇప్పుడు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి 20.5 మిలియన్ డాలర్లు. ఇందులో చేరిన కాలేజీలకి పాత స్కాలర్‌షిప్ పరిమితులు పోయి, టీమ్‌కి ఇంతమందే అనే పరిమితులు వచ్చాయి. ఫుట్‌బాల్‌కి 105, బేస్‌బాల్‌కి 34. ఇరవై మిలియన్లు ఎక్కడి నుంచి తేవాలి అని అడిగితే అందరి చూపూ ఈత కొలను వైపు తిరుగుతుంది.

చెప్పే రోజు

లెక్క తప్పినా సర్దుకోవచ్చు. ఈ రోజు తప్పితే సర్దుకోలేరు.

స్టాన్‌ఫర్డ్ 2020 జులైలో 36 ఆటల్లో 11 తీసేస్తున్నట్టు ప్రకటించింది. పిల్లలకి వీడియో కాల్‌లో చెప్పారు. ఆ పదకొండింటినీ శాశ్వతంగా నడపాలంటే 20 కోట్ల డాలర్లకి పైగా కావాలన్నారు. తర్వాత మార్చిలో రెజ్లింగ్ కుర్రాడు షేన్ గ్రిఫిత్ కాలేజీ పేరు లేని నల్ల దుస్తుల్లో దిగి జాతీయ టైటిల్ గెలిచాడు. 2021 మేలో పదకొండూ తిరిగొచ్చాయి. విలియం అండ్ మేరీ 2020 సెప్టెంబరులో ఏడు ఆటలు తీసేస్తూ రాసిన ఉత్తరంలో కొన్ని వాక్యాలు స్టాన్‌ఫర్డ్ ఉత్తరంలోంచి ఎత్తినవని తేలింది. అక్టోబరు మొదట్లో ఏడీ రాజీనామా, తర్వాత ఆటలన్నీ వాపస్. ఒక పిల్లవాడి నాలుగేళ్ళ కలని ఆపేస్తూ రాసే ఉత్తరం సొంతంగా రాయలేకపోతే, ఆ పనికి పూనుకోకూడదు.

అందరూ మర్చిపోయే ప్రశ్న ఇంకొకటి: "డబ్బు మేం తెస్తాం, టీమ్ ఉంచుతారా?" ప్రకటన అయిన గంటలోపు పాత ఆటగాళ్ళు ఇది అడుగుతారు. జవాబు ముందే తేల్చుకుని ఉండాలి. అవునంటే, ఎంత, ఎప్పటిలోగా, ఒక్క ఏడాదికా శాశ్వత నిధికా అన్నీ చెప్పాలి. కాదంటే ప్రకటనలోనే కాదని ఉండాలి. కాల్ 2010 సెప్టెంబరులో ఐదు టీముల మీద వేటు వేసి, ఈ జవాబు తేల్చలేక నెలల తరబడి నానబెట్టింది. ఫిబ్రవరిలో మూడు టీములు బతికాయి. బేస్‌బాల్ వాళ్ళు ఏప్రిల్ దాకా చందాలు పోగేసి బతికించుకున్నారు. ఆ జూన్‌లోనే అదే టీమ్ ఒమాహాలో కాలేజ్ వరల్డ్ సిరీస్ ఆడింది. ఇంత డబ్బు తేగలిగినవాళ్ళు ఉన్నప్పుడు, కోతకి ముందే ఎందుకు అడగలేదు? అడిగితే సంగతి బయటికి పొక్కుతుందని భయం. పొక్కడం వేరు, ఆర్నెల్లు నవ్వులపాలు కావడం వేరు.

మా దగ్గర ఒక టీమ్ ఆగిన రోజు నేనూ ఆ గదిలో ఉన్నాను. స్కాలర్‌షిప్ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి రమ్మన్నారు. పొద్దున ఏడింటికి పిలిచారు, ప్రాక్టీస్ అయ్యాక, తడి జుట్లతో వచ్చారు పిల్లలు. ఏడీ నాలుగు నిమిషాలు మాట్లాడారు. ఎవరూ ఏమీ అనలేదు. వెనక వరసలో ఒకబ్బాయి చెయ్యెత్తి, "రేపు ప్రాక్టీస్ ఉందా?" అని అడిగాడు. కోచ్‌కి కూడా సంగతి తెలిసి గంట కూడా కాలేదు, ఆయన ఏడీ వైపు చూశాడు. ఏడీ నా వైపు చూశారు. నా ఫోల్డర్‌లో స్కాలర్‌షిప్‌లు, ట్రాన్స్‌ఫర్ కాగితాలు, ఆరోగ్య బీమా అన్నీ ఉన్నాయి. రేపటి సంగతి లేదు. ఇప్పుడు నా చెక్‌లిస్టులో మొట్టమొదటి వరస అదే. రెండోది, అక్కడే చదువు పూర్తిచేసేవాళ్ళకి స్కాలర్‌షిప్ చివరిదాకా ఉంటుందని చేతికి కాగితం ఇవ్వడం. మాటగా కాదు, కాగితం. మూడోది, కోచ్‌కి ముందు రోజు సాయంత్రమే చెప్పడం.

పిల్లల్ని ఆటలో పెట్టిన అమ్మానాన్నలకి

మన విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో టెన్నిస్ ఆడుకుంటూ చదివాడు. ఆ దారి ఇప్పటికీ ఉంది, సన్నబడిందంతే. పిల్లని చేర్చే ముందు కోచ్‌ని అడగాల్సినవి: టీమ్‌కి శాశ్వత నిధి ఉందా, లేక ఏటా డిపార్ట్‌మెంట్ ఇస్తేనే నడుస్తుందా? మీ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్ళు? కాలేజీలో మొత్తం ఎన్ని ఆటలు? పదహారు ఉంటే కాస్త ధైర్యం, ఇరవై అయిదు ఉంటే మీ ఆట పదహారుకి పైన ఉన్న ఆ తొమ్మిదిలో ఉందేమో చూసుకోండి. సొంత కొలను, సొంత కోర్టులు లేక అద్దెకి తీసుకునే టీమ్ అయితే జాగ్రత్త. అసిస్టెంట్ కోచ్ పోయి ఏడాదైనా ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఇంకా జాగ్రత్త. వీటన్నిటికంటే ముఖ్యం, ఆట లేకపోయినా పిల్ల ఆ కాలేజీలో ఆ చదువు చదవడానికి ఇష్టపడుతుందా? లేదంటే చేర్చకండి. మా రెండోదానికి ఫెన్సింగ్ పిచ్చి. దానికీ ఇదే చెప్పాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఖాతా మూసేటప్పుడు

టీమ్ ఆగినా ఖాతా ఆగదు. బస్సు కంపెనీకి ముందే ఇచ్చిన అడ్వాన్సు, వచ్చే ఏడాదికి ఒప్పుకున్న మ్యాచ్‌లు రద్దు చేస్తే కట్టే జరిమానా, ఆ టీమ్ పేరునే ఇచ్చిన విరాళాలు. ఈ చివరిది జాగ్రత్త, దాతని అడక్కుండా వేరే పద్దుకి మార్చకూడదు. ఒకావిడ భర్త జ్ఞాపకంగా ఇచ్చిన పదివేల డాలర్ల నిధి కోసం నేను ఐదుసార్లు ఫోన్ చేశాను. చివరికి ఆవిడ వెనక్కి ఇచ్చేయమంది, ఇచ్చేశాం. మొదటి ఏడాది ఖర్చు తగ్గకపోగా పెరుగుతుందని ఏడీకి ముందే చెప్పి పెట్టండి, లేకపోతే పన్నెండు నెలల తర్వాత మిమ్మల్నే అడుగుతారు.

మా కొలను గోడ మీద మగపిల్లల రికార్డుల బోర్డు ఇంకా ఉంది. దాన్ని తీసే పనికి ఏ ఖాతా నంబరు వేయాలని మెయింటెనెన్స్ వాళ్ళు కిందటి నెల మెయిల్ పెట్టారు. ఆ టీమ్ ఖాతా నేనే మూశాను, అందులో వేయడానికి లేదు. వేరే నంబరు ఇవ్వొచ్చు. ఇంకా జవాబు రాయలేదు.